రివర్‌లో కాల్: అపోహలు - వాస్తవాలు

నా దగ్గర పోకర్ నేర్చుకునేవారు తాము నష్టపోయిన హ్యాండ్‌లను రాసి పంపుతుంటారు. వివరాలు ఎన్ని మారినా చివరి వాక్యం మాత్రం దాదాపు ఒకటే: “అప్పటికే చాలా పెట్టేశాను సార్, ఇక ఫోల్డ్ చేయలేకపోయాను.” ఫోల్డ్ అంటే ముక్కలు వదిలేసి ఆట నుంచి తప్పుకోవడం.

అపోహ: పాట్‌లో (బల్ల మధ్య పోగైన సొమ్ములో) ఇంత పెట్టాక, రివర్‌లో, అంటే ఐదోదైన చివరి ఉమ్మడి ముక్క పడ్డాక వచ్చే బెట్‌కు కాల్ చేసి (సమానంగా పెట్టి) తీరాలి.

వాస్తవం: పాట్‌లో పడిన చిప్స్ ఇక మీవి కావు. ఆ మొత్తం గెలిస్తే దక్కే సొమ్ముగానే లెక్కలోకి వస్తుంది. అందులో మీరు పెట్టినదెంత అన్నది అనవసరం. పాట్ 1,000 ఉండగా ఎదుటివారు 500 బెట్ చేస్తే, మీరు 500 పెట్టి 1,500 కోసం పోటీపడుతున్నారు కనుక, నాలుగింట ఒక్కసారి గెలిచినా నష్టం లేదు. పాట్ అంత బెట్‌కు మూడింట ఒకసారి, దానికి రెట్టింపు బెట్‌కు ఐదింట రెండుసార్లు గెలవాలి. “నిండా మునిగినవాడికి చలేమిటి” అని బల్ల దగ్గర నవ్వుతూ అనేవారు, ఆ చలికి మళ్లీ కొత్తగా డబ్బు కడుతున్నామని గమనించరు.

ఈ పొరపాటు నేనూ చేశాను. గోవాలోని ఒక క్యాసినోలో నా చేతిలో ఆఠీను ఆసు, ఇస్పేటు రాజు ఉన్నాయి. ఫ్లాప్‌లో (మొదటి మూడు ఉమ్మడి ముక్కల్లో) కళావరు రాజు, ఆఠీను 9, ఆఠీను 4, ఆపైన డైమను 7, రివర్‌లో ఇస్పేటు 2 వచ్చాయి. పాట్ 10,000 ఉండగా నేను 5,000 బెట్ చేస్తే, ఆ రాత్రంతా ఒక్కసారి కూడా రైజ్ చేయని ఒక పెద్దాయన 20,000కు పెంచారు. ఇంకో 15,000 పెట్టి 35,000 కోసం చూడటమంటే నేను నూటికి 30 సార్లు గెలవాలి. నా రాజుల జతను ఓడించే 9, 7, 4 సెట్‌లు (ఒకే అంకె ముక్కలు మూడు) ఒక్కొక్కటి మూడు విధాలుగా, మొత్తం తొమ్మిది విధాలుగా రావచ్చు. ఆయన అంతకంటే చిన్న ముక్కలతో రైజ్ చేయరనుకున్నా (బెట్ పెంచరనుకున్నా), నా కాల్‌కు అర్థం ఉండాలంటే ఆయన దగ్గర కనీసం నాలుగు విధాల బ్లఫ్‌లు (గెలవలేని ముక్కలతో బెదిరించడాలు) ఉండాలి. ఆయన బ్లఫ్ చేయగలిగేది తప్పిపోయిన ఆఠీను ఫ్లష్‌లతోనే (ఐదూ ఆఠీను ముక్కలే కావాల్సి ఉండగా ఐదోది రాని వాటితోనే), వాటిలో ముఖ్యమైన ఆసేమో నా చేతిలోనే ఉంది. అంతా తెలిసీ కాల్ చేశాను. ఆయన రెండు తొమ్మిదులు తిప్పి, చిప్స్ నెమ్మదిగా పేర్చుకున్నారు.

సగానికి పైగా గెలుస్తామనుకుంటేనే కాల్ చేయాలన్న అపోహకు పై లెక్కలోనే జవాబుంది. ముఖం చూసి బ్లఫ్ పట్టేయవచ్చన్న ప్రచారం గురించి నేను పెద్దగా చెప్పను. చేయి వణికితే బ్లఫ్ అని నమ్మి కాల్ చేసినవారికి బలమైన ముక్కలే ఎక్కువగా ఎదురవడం చూశాను. తరచుగా కాల్ చేయకపోతే అందరూ మనపై బ్లఫ్ చేస్తారన్న సిద్ధాంతం, అసలు బ్లఫే చేయని మనిషి ముందు పనికిరాదు.

ఫోల్డ్ చేశాక ఎదుటివారు బ్లఫ్ చూపించి నవ్వుతారేమోనన్న భయం మాత్రం నాకు బాగా అర్థమవుతుంది. మూడుముక్కలాటలో షో అడిగి చూసుకోవడం అలవాటైనవారికి చూడకుండా వదిలేయడం మరీ కష్టం. అలాంటివారిని చిప్స్ ముట్టుకునే ముందు పాట్ ఎంత, బెట్ ఎంత అన్న రెండు అంకెలను పెదవులు కదిలేలా పలుకుకోమంటాను, ఆ తర్వాత ఆ మనిషి ఏ ముక్కలతో బ్లఫ్ చేయగలడో మూడు పేర్లు చెప్పమంటాను. రెండో పేరు దగ్గరే చాలామంది ఆగిపోతారు.