ఇవి ఎవరి బాతులు?

నాన్న మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు, మర్నాడు పొద్దున్నే మా ఇళ్ళ వెనకున్న చెరువు చుట్టూ వాకింగ్‌కి తీసుకెళ్ళాను. న్యూజెర్సీలో మే నెల. గట్టు మీద నలభై దాకా కెనడా గూస్‌లు గడ్డి మేస్తున్నాయి. నల్లటి పొడుగాటి మెడ, గడ్డం కింద తెల్ల పట్టీ. మనుషులు పక్కనుంచి వెళ్తున్నా తల ఎత్తడం లేదు. నాన్న కాసేపు చూసి, "ఇవి ఎవరివిరా?" అన్నారు. ఎవరివీ కావు, అడవి పక్షులు అన్నాను. "అడవి పక్షి మనిషిని చూసి ఇలా నిలబడుతుందా? ఎవరో పెంచుతున్నారు. సాయంత్రం వచ్చి తోలుకెళ్తారు చూడు" అన్నారు.

సాయంత్రం ఎవరూ రాలేదు. కానీ ఆయన మాటలో సగం నిజం ఉంది. ఇలాంటి చెరువుల మీద తిరిగే గూస్‌ల ముత్తాతలను ఒకప్పుడు మనుషులే పెంచారు.

గూస్‌ను మనం బాతు అనేస్తాం. బంగారు గుడ్లు పెట్టే బాతు కూడా ఇంగ్లిష్ కథలో గూసే. కాబట్టి నేనూ బాతు అనే రాస్తాను. కెనడా గూస్ సహజంగా వలస పక్షి. ఎండాకాలం ఉత్తరాన పిల్లల్ని పొదిగి, చలి ముదిరేలోపు బారులు తీరి దక్షిణానికి దిగుతుంది. ఆ దారి దానికి పుట్టుకతో రాదు. పిల్లలు మొదటి ఏడాది తల్లిదండ్రుల వెంట ఎగిరి నేర్చుకుంటాయి. 1993లో బిల్ లిష్‌మన్ అనే కెనడా శిల్పి, తనకు మాలిమి చేసుకున్న 18 బాతులకు ఒక బుల్లి విమానంలో ముందు ఎగురుతూ ఒంటారియో నుంచి వర్జీనియా దాకా దారి చూపించాడు. తర్వాతి వసంతంలో వాటిలో చాలావరకు ఎవరి సాయమూ లేకుండా ఇంటికి తిరిగొచ్చాయి.

మరి దారి చూపేవాళ్ళే లేకపోతే?

పూర్వం అమెరికాలో వేటగాళ్ళు పెంపుడు బాతులను నీటి ఒడ్డున దీమంగా కట్టేసేవారు. మన పల్లెల్లో పంజరంలో కౌజుపిట్టను పెట్టి అడవి కౌజులను రప్పించినట్టే. కింద తోటి పక్షి అరుపు విని పైన పోయే గుంపు దిగేది, తుపాకులు పేలేవి. 1935లో ఈ పద్ధతిని నిషేధించారు. దాంతో పెంచుతున్న బాతుల్లో చాలావాటిని వదిలేశారు. అవి తరతరాలుగా మనిషి దొడ్లో పుట్టినవి. వాటికి ఏ దారీ తెలీదు, ఉన్నచోటే ఉండిపోయాయి.

రెండో అంకం 1962లో. ఈ జాతిలో అన్నిటికంటే పెద్ద రకం అంతరించిపోయిందనే అప్పటిదాకా అనుకునేవారు. ఆ జనవరిలో హెరాల్డ్ హాన్సన్ అనే జీవశాస్త్రవేత్త, మరికొందరు కలిసి మిన్నెసోటా రాష్ట్రం రోచెస్టర్‌లో సిల్వర్ లేక్ మీది బాతులను పట్టి తూచారు. పక్కనున్న కరెంటు ప్లాంటు వేడినీళ్ళ వల్ల ఆ రోజుల్లో ఆ చెరువు చలికాలంలో కూడా గడ్డకట్టేది కాదు. బాతుల బరువు చూసి వాళ్ళకు త్రాసు మీదే అనుమానం వచ్చింది. కొట్టుకెళ్ళి చక్కెర, పిండి ప్యాకెట్లు కొనుక్కొచ్చి తూచి చూశారు. త్రాసు సరిగ్గానే ఉంది. అంతరించిందన్న పక్షి ఊరి మధ్యలో తిరుగుతోంది! ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాల పాటు రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు ఈ పెద్ద బాతులను పెంచి ఊరూరా వదిలాయి. దారి చూపే పెద్దలు వీటికీ లేరు.

ఇక మిగతాది మన లాన్‌లు చూసుకున్నాయి. కురచగా కత్తిరించిన లేత గడ్డి, పక్కనే నీళ్ళు, నక్క దాక్కోడానికి ఒక్క పొద లేదు. గడ్డి సరిగా అరగదు కాబట్టి రోజంతా మేస్తూనే ఉండాలి. ఒక్కో బాతు రోజుకు అరకిలో దాకా రెట్ట వేస్తుందంటారు. మా కాలిబాట చూస్తే ఆ లెక్క తక్కువేననిపిస్తుంది.

తరిమేద్దామంటే పక్క చెరువుకు పోయి సాయంత్రానికి వస్తాయి. చంపుదామంటే 1918 నాటి వలస పక్షుల చట్టం ఒప్పుకోదు, పర్మిట్ కావాలి. వలస మానేసిన పక్షికి వలస పక్షుల చట్టం! ఇది చెప్తే నాన్న నవ్వి, "అంటే గవర్నమెంటువన్నమాట" అన్నారు.

గుడ్ల విషయంలో మాత్రం 2006 నుంచి వెసులుబాటు ఉంది. కేంద్ర వన్యప్రాణి శాఖలో పేరు నమోదు చేసుకుంటే చాలు. ఒక ఏప్రిల్‌లో మా కాలనీ తరఫున నేనూ వెళ్ళాను. ఇద్దరు కావాలి. ఒకరు గొడుగు తెరిచి మగదాన్ని అడ్డుకోవాలి. అది మెడ చాచి బుసకొడుతూ రెక్కలతో కొడుతుంది, నాకైతే టెన్షన్‌తో చేతులు వణికాయి. రెండోవాళ్ళు గూట్లోంచి గుడ్లు తీసి బకెట్ నీళ్ళలో వేసి చూడాలి. మన ఇళ్ళలో కోడిగుడ్డు మురిగిందో లేదో చూసినట్టే. మునిగితే లోపల పిండం ఇంకా తొలి దశలో ఉన్నట్టు. తేలితే రెండు వారాలు దాటినట్టు, దాన్ని ముట్టుకోకూడదు. మునిగిన గుడ్లకు మొక్కజొన్న నూనె పట్టించి తిరిగి గూట్లో పెట్టేస్తాం. నూనె పెంకు రంధ్రాలను మూసేస్తుంది, లోపలికి గాలి ఆడదు, పిండం ఎదగదు. గుడ్లు ఎత్తుకుపోతే తల్లి మళ్ళీ పెడుతుంది. ఇలా చేస్తే ఆ తల్లికి తేడా తెలీదు, పొదుగుతూ కూర్చుంటుంది. మామూలుగా 28 రోజులకు పిల్లలవుతాయి. మేం నూనె రాసిన గూటి మీద ఆ తల్లి అంతకంటే ఎక్కువ రోజులే కూర్చుంది. అటువైపు వాకింగ్‌కి వెళ్ళడం కొన్నాళ్ళు మానేశాను.

ఇంతా చేస్తే ఆ ఏడాది బాతులు ఒక్కటి కూడా తగ్గవు. ఊళ్ళో వేట లేదు, శత్రువుల భయం తక్కువ, పెద్ద బాతు పదేళ్ళకు పైగా బతుకుతుంది. నూనెతో ఆగేది పెరుగుదల మాత్రమే. అదీ ప్రతి గూడూ ప్రతి ఏడూ దొరికితేనే.

అందుకే కొన్నిచోట్ల పెద్దవాటి మీదే పడతారు. 2009 జనవరి 15న న్యూయార్క్ లాగార్డియా నుంచి ఎగిరిన యూఎస్ ఎయిర్‌వేస్ 1549 విమానం రెండు ఇంజన్లలోకీ బాతులు దూరాయి. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ దాన్ని హడ్సన్ నది మీద దించాడు, 155 మందీ బతికారు. ఆ వేసవిలో విమానాశ్రయాల చుట్టుపక్కల వెయ్యికి పైగా స్థానిక బాతులను పట్టి చంపారు. జూన్, జులై నెలల్లో రెక్కల ఈకలన్నీ ఒకేసారి రాలి కొన్ని వారాలు ఎగరలేవు, గొర్రెల్లా దొడ్లోకి తోలొచ్చు.

ఈలోగా స్మిత్‌సోనియన్ సంస్థ శాస్త్రవేత్తలు ఇంజన్లో దొరికిన ఈకలను పరీక్షించారు. నీళ్ళలో మామూలు హైడ్రోజన్‌తో పాటు కాస్త బరువైన హైడ్రోజన్ కూడా ఉంటుంది. ఉత్తరానికి పోయేకొద్దీ వాన నీళ్ళలో దాని పాలు తగ్గుతుంది. బాతు ఏ ఊరి గడ్డి తింటూ ఈక పెంచిందో ఆ ఊరి గుర్తు ఈకలో ఉండిపోతుంది. విమానానికి తగిలినవి కెనడాలోని లాబ్రడార్ ప్రాంతం నుంచి వచ్చిన వలస బాతులని తేలింది. అయినా తర్వాతి ఏడాది బ్రూక్లిన్‌లోని ప్రాస్పెక్ట్ పార్కులో సుమారు 400 బాతులను చంపారు. ఊరి బాతుల వల్ల విమానాలకు ప్రమాదం లేదని అనను. కానీ ఆ కోపం తప్పు పక్షి మీద పడిందనే నా అభిప్రాయం.

పల్లెల్లో కథ వేరు. మంచు గూస్ అనే తెల్ల బాతు వలస మానలేదు. కోతలయ్యాక పొలాల్లో రాలిన ధాన్యం తిని బలిసి, లక్షల్లో పెరిగి, హడ్సన్ అఖాతం ఒడ్డున గడ్డిని వేళ్ళతో సహా పెకిలించి నేలను బురద చేసింది. 1999లో వేట పరిమితులు ఎత్తేసి వసంతంలో కూడా కాల్చుకోమన్నారు. తర్వాతి పదేళ్ళు కూడా వాటి సంఖ్య పెరుగుతూనే పోయింది.

మా చెరువు సంగతికొస్తే, రెండేళ్ళ కిందట గట్టు మీద గడ్డి కొయ్యడం ఆపేశాం. నడుములోతు పెరిగింది. దాని చాటున ఏముందో కనపడకపోతే బాతు నీళ్ళలోంచి ఒడ్డెక్కదు. ఈసారి నాన్న వచ్చేసరికి గట్టు ఖాళీ. "తోలుకెళ్ళారా?" అన్నారు. రోడ్డు అవతల స్కూలు గ్రౌండు చూపించాను. అక్కడ గడ్డి ఆ ఉదయమే కోశారు.