ఇరవై వేల నోటు మీది వంతెన

చి. అమ్ములుకు, చి. చిన్నికి,

తాతయ్య దీవించి రాసేది. నానమ్మ, నేను క్షేమం. ఉత్తరం కాస్త పొడుగైంది, పరీక్షలు అయ్యాక తీరిగ్గా చదువుకోండి.

నేను తెచ్చిన వియత్నాం నోటు చూసి చిన్ని ఫోనులో రెండు ప్రశ్నలు అడిగింది. ఇరవై వేలు కదా, సైకిలు వస్తుందా అన్నది మొదటిది. అవి వాళ్ళ డాంగులు తల్లీ. మన లెక్కలో డెబ్బై రూపాయలకు అటూ ఇటూ. సైకిలు రాదు, ఒక కొబ్బరి బోండం వస్తుంది. రెండో ప్రశ్న నాకు చాలా నచ్చింది. "తాతయ్యా, వంతెనకు ఇంటిలాగా పైకప్పు ఎందుకు?" ఇది ఫోనులో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను.

ఆ వంతెన హోయ్ ఆన్ అనే ఊళ్ళో ఉంది. వియత్నాం దేశం నడుమ, సముద్రానికి దగ్గరగా, తూ బోన్ అనే నది ఒడ్డున ఉన్న పాత రేవు ఊరది. మమ్మల్ని మధ్యాహ్నం మూడు గంటలకు దింపి, రాత్రి ఏడున్నరకు మళ్ళీ బస్సెక్కించారు. పాత వీధుల్లో అంతా నడకే. ఊరు చూపించడానికి వచ్చిన అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. తలమీద తాటాకు గొడుగు లాంటి టోపీ. నన్ను 'సార్' అని పిలవలేదు, 'ఓమ్' అంది. తాతయ్య అని అర్థమట. వాళ్ళ భాషలో నువ్వు, మీరు అనే మాటలకు బదులు తాతా, అన్నా, అత్తా, చెల్లీ అనే వరసలే వాడతారట. మనం బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయనను బాబాయ్ అన్నట్టే. ఆ ఒక్క మాటతో నాకు ఊరు సగం తెలిసిపోయినట్టు అనిపించింది.

వంతెన పెద్దది కాదు, 18 మీటర్లు. తూ బోన్‌లో కలిసే చిన్న కాలువ మీద ఉంది. పదహారో శతాబ్దం చివర్లో మొదలుపెట్టారని చెబుతారు. కట్టించింది జపాను వర్తకులు. ఒక చివర కోతుల బొమ్మలు, రెండో చివర కుక్కల బొమ్మలు. వాళ్ళ సంవత్సరాలకు జంతువుల పేర్లుంటాయి కదా, కోతి సంవత్సరంలో మొదలై కుక్క సంవత్సరంలో పూర్తయిందని అంటారు. తరవాత జపాను ప్రభువులు తమ ప్రజలు విదేశాలకు వెళ్ళరాదని ఆజ్ఞ వేశారు. రాకపోకలు ఆగి, ఊళ్ళోని జపాను వాళ్ళు క్రమంగా తగ్గిపోయారు. 1719లో అక్కడి ప్రభువు న్గుయెన్ ఫుక్ చూ వచ్చి వంతెనకు పేరు పెట్టాడు. 'దూరం నుంచి వచ్చినవారి వంతెన' అని ఆ పేరుకు అర్థం. కట్టినవాళ్ళు వెళ్ళిపోయి ఎన్నో ఏళ్ళయ్యాక వాళ్ళను తలచుకుంటూ పేరు పెట్టినట్టుంది కదూ!

ఇక పైకప్పు సంగతి. అది కొయ్య వంతెన. కొయ్యకు ఎండ కన్నా వాన ప్రమాదం. తడిసి ఆరి, తడిసి ఆరి పుచ్చిపోతుంది. పైకప్పు మనకన్నా ముందు కొయ్యకు గొడుగు. దాని కింద రెండు పక్కలా కూర్చోవడానికి అరుగుల్లాంటివి ఉన్నాయి. ఎండలో వచ్చినవాడు కాసేపు కూర్చుంటాడు, గంపతో వచ్చిన అమ్మ గంప దించుకుంటుంది. వంతెన నడుముకు ఆనుకుని ఒక చిన్న గుడి కూడా ఉంది. గాలివానలను అదుపులో పెట్టే దేవుడు అందులో ఉంటాడు. అందుకే ఊరివాళ్ళు దాన్ని గుడి వంతెన అంటారు. దేవుడు, అరుగు, గొడుగు ఒకచోట ఉన్నాక దాన్ని వంతెన అనాలో ఇల్లు అనాలో నువ్వే చెప్పు చిన్నీ.

ఇంకో కథ ఉంది. భూమి అడుగున బ్రహ్మాండమైన జంతువు ఒకటి పడుకుని ఉందట. దాని తోక జపానులో, నడుము హోయ్ ఆన్‌లో. అది కదిలితే భూకంపం వస్తుంది. అది కదలకుండా నడుములో దించిన కత్తే ఈ వంతెన అట. మరి తల ఎక్కడో తెలుసా? మన దేశంలో! గైడు అమ్మాయి ఆ మాట చెప్పి నా వంక చూసి నవ్వింది. నేను వంతెన చెక్కల మీద అలాగే నిలబడిపోయాను. మన పేరు ఎప్పుడో, ఎవరి నోటనో, సముద్రాలు దాటి ఒక చిన్న కాలువ మీది కథలో చేరింది. భూకంపానికి అసలు కారణం మీ పాఠ్యపుస్తకంలో ఉంటుంది, అక్కడ చదువుకోండి. నేను మాత్రం ఆ తల మన ఊళ్ళలో ఎక్కడ ఆనుకుని ఉందో అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

వంతెన దాటి వీధిలో పడితే అన్నీ పెంకుటిళ్ళే. పసుపు రంగు గోడలు, నాచు పట్టిన కప్పులు. ఒక వరస పెంకు వెల్లకిలా, ఒక వరస బోర్లా. మన గూనపెంకులు నేసినట్టే! ప్రతి గుమ్మం మీదా గుండ్రని కొయ్యబిళ్ళలు రెండు ఉంటాయి. అవి ఇంటి కళ్ళట. చెడు రాకుండా కాపలా కాస్తాయి. ఏటిలోని పడవల ముక్కులకు కూడా కళ్ళు వేసి ఉన్నాయి. మనం గుమ్మానికి గుమ్మడికాయ కట్టుకుంటాం, వాళ్ళు గుమ్మానికి చూపే ఇచ్చారు.

తాన్ కీ అనే ఇంట్లోకి వెళ్ళాం. రెండు వందల ఏళ్ళు దాటిన వర్తకుల ఇల్లు. ముందు గుమ్మం వీధిలోకి, వెనక గుమ్మం ఏటి ఒడ్డుకు. సరుకు ఏటి వైపు దిగుతుంది, వీధి వైపు అమ్ముడవుతుంది. మధ్యలో మన మండువాలాగే ఆకాశానికి తెరిచిన చోటు ఉంది. అక్కడ ఒక గోడ దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. గోడ మీద ఏ ఏడు వరద ఎంత ఎత్తు వచ్చిందో గుర్తులు పెట్టారు. నేను చూసినప్పుడు అన్నిటికన్నా పైన ఉన్నది 1964. నీళ్ళు వస్తున్నాయంటే పై అంతస్తు చెక్కల్లో ఉన్న కంతలోంచి సామాను తాళ్ళతో పైకి లాగేస్తారట.

పిల్లలూ, ఆ మాట వినగానే నేను హోయ్ ఆన్‌లో లేను. మా లంక ఊళ్ళో ఉన్నాను. నాకు ఎనిమిదేళ్ళు. గోదావరి ఎర్రగా పొంగి వాకిట్లోకి వచ్చింది. నాన్నగారు అటక మీద నుంచి తాడు వదిలితే నేను, మా అన్నయ్య బియ్యం మూటలు కట్టి ఇస్తున్నాం. అన్నీ ఎక్కాయి, మా మామ్మ భోషాణం ఒక్కటి మిగిలింది. నలుగురు పట్టినా కదలదు. తాళంచెవి పోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. నాన్నగారు గొడ్డలితో తాళం పగలగొట్టారు. లోపల మా మామ్మ పెళ్ళి చీర, వెండి కుంకుమ భరిణె, ఎండిన వేపాకు పొరల మధ్య తాటాకు పుస్తకం. ఒక్కటీ చెడలేదు. నీళ్ళలో నిలబడి మామ్మ ఏడుస్తూ నవ్వింది. తాళంచెవి పోబట్టే అవి అన్నాళ్ళు నిలిచాయి. తీయడం వీలైతే చీర ఎవరో కట్టి చింపేవాళ్ళు, భరిణె ఏ కరువులోనో అమ్ముడైపోయేది.

హోయ్ ఆన్ అలాంటి భోషాణం. ఒకప్పుడు దాని మూత తెరిచే ఉండేది. ఈశాన్యపు గాలికి చైనా, జపాను ఓడలు వచ్చేవి. పట్టు, పింగాణీ, మిరియాలు, దాల్చినచెక్క, అగరు నింపుకుని, నైరుతి గాలి తిరిగేదాకా నెలల తరబడి కాచుకునేవి. కాచుకున్నవాళ్ళు ఇళ్ళు కట్టుకున్నారు, గుళ్ళు కట్టుకున్నారు. యుద్ధాలూ వచ్చాయి. ఆ తరవాత నది మొగలో ఇసుక మేట వేయసాగింది. ఓడలేమో పెద్దవవుతున్నాయి. లోతు లేని మొగలోకి అవి రాలేవు. పందొమ్మిదో శతాబ్దం చివరికి వ్యాపారమంతా పక్కనున్న డా నాంగ్‌కు వెళ్ళిపోయింది. ఇసుకే తాళం. ఓడలు తాళంచెవులు, వాటిని సముద్రం పట్టుకుపోయింది. లోపల పెట్టినవి పెట్టినట్టే ఉండిపోయాయి. పెంకులే వేపాకులు. డబ్బు లేని ఊరు పాత ఇల్లు పడగొట్టి మేడ కట్టలేదు కదా! ఆ లేమివల్లే వెయ్యికి పైగా కొయ్య ఇళ్ళు మిగిలాయి. వియత్నాం యుద్ధంలో పక్క ఊళ్ళ మీద బాంబులు పడినా ఈ ఊరు చాలావరకు బతికిపోయింది.

ఆ భోషాణం విలువ గుర్తించి అందరికీ చెప్పిన వాళ్ళలో ఒకాయన పోలండ్ దేశపు ఆర్కిటెక్టు. పేరు కజిమిర్ క్వియాట్కోవ్‌స్కీ. ఊరివాళ్ళు ముద్దుగా కాజిక్ అంటారు. 1980లలో దగ్గరలో 'మీ సాన్' అనే చోట ఉన్న పాత గుళ్ళను బాగుచేయడానికి వచ్చి, ఈ ఊరినీ కాపాడుకోమని పట్టుబట్టాడు. 1997లో వియత్నాంలోనే, హుయే నగరంలో కన్నుమూశాడు. యునెస్కో హోయ్ ఆన్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది 1999లో. రెండేళ్ళు ఆగి ఉంటే చూసేవాడు. ఆయన స్మారకం ముందు నేను చెప్పులు విప్పి నమస్కారం చేశాను.

మీ సాన్ అన్నాను కదా, అవి శివుడి గుళ్ళు! పూర్వం అక్కడ చంపా రాజులుండేవారు. భద్రవర్మ, జయసింహవర్మ అంటూ మన చరిత్ర పుస్తకంలోంచి వచ్చినట్టుంటాయి పేర్లు. శాసనాలు సంస్కృతంలో ఉన్నాయి. 2020లో మన పురావస్తు శాఖవాళ్ళు అక్కడ మరమ్మతులు చేస్తుండగా ఒకే రాయిలో చెక్కిన శివలింగం బయటపడింది. పూటలో అక్కడికి వెళ్ళిరావడం కుదరలేదు. అది వేరే ఉత్తరం.

తాన్ కీ ఇంట్లోనే ఒక చిన్న గిన్నె చూపించారు. చైనా జ్ఞాని కన్ఫ్యూషియస్ పేరు మీద దాన్ని కన్ఫ్యూషియస్ గిన్నె అంటారు. ముప్పావు వంతు పోస్తే నీళ్ళు బుద్ధిగా ఉంటాయి. ఇంకా కావాలని అంచుదాకా పోశామా, ఒక్క చుక్క మిగలకుండా మొత్తం అడుగునుంచి కారిపోతాయి! అమ్ములూ, మంత్రం కాదు, అడుగున వంగిన గొట్టం ఉంది. ప్లాస్టిక్ గ్లాసు అడుగున బెజ్జం పెట్టు. మెడ వంగే స్ట్రా పొడుగు కాడను బెజ్జంలోంచి కిందికి దించు. వంగిన కొస గ్లాసు అడుగును తాకీ తాకనట్టు ఉండాలి. బెజ్జం చుట్టూ మైనం పూసి, నెమ్మదిగా నీళ్ళు పోసి చూడు. ఎందుకలా అవుతుందో నేను చెప్పను, మూడుసార్లు చేస్తే నీకే తెలుస్తుంది. చాలు అనే మాట ఆ ఇంటి పెద్దలు పిల్లలకు ఇలా నేర్పేవారట. నేను మీ నాన్నకు అరిచి నేర్పాను. గిన్నె మేలు.

చైనాలోని ఫుజియన్ నుంచి వచ్చిన వర్తకుల గుడిలో స్ప్రింగుల్లా చుట్టిన అగరుచుట్టలు పైనుంచి వేలాడుతున్నాయి. అక్కడి దేవత సముద్రంలో నావికులను కాపాడుతుంది. ఆమె పక్కన ఇద్దరు భటులు. ఒకడికి వెయ్యి మైళ్ళ దూరం కనపడుతుంది, ఒకడికి వెయ్యి మైళ్ళ దూరం వినపడుతుంది.

ఆ రోజు వాళ్ళ చాంద్రమాసంలో పద్నాలుగో రోజు, మన చతుర్దశి. ప్రతి నెలా ఆ రాత్రి పాత వీధుల్లో కరెంటు దీపాలు ఆర్పి లాంతర్లు పెడతారు. పట్టుగుడ్డ లాంతర్లు ఎర్రగా, పసుప్పచ్చగా, నీలంగా. ఏటిలో కాగితపు దోనెల్లో దీపాలు వదులుతున్నారు. కార్తీక మాసంలో నానమ్మ అరటి దొప్పలో వదిలే దీపమే! ఒడ్డున జనం మాత్రం తిరునాళ్ళలా ఉన్నారు. పాత ఇళ్ళలో చాలావాటిలో ఇప్పుడు సంచులు, చొక్కాలు అమ్ముతున్నారు. భోషాణం తెరిచాక చీరను అందరూ పట్టి చూస్తారు, మరకలు పడతాయి. నాకు బాధ కలిగింది. నేనూ పట్టి చూసినవాణ్ణే.

వంతెనను కూడా ఈమధ్య విప్పి బాగుచేసి 2024లో తెరిచారు. మరీ కొత్తగా మెరుస్తోందని చాలామంది కోప్పడ్డారట. నాకు వాళ్ళ కోపం సరికాదనిపించింది. సంక్రాంతికి సున్నం వేసిన గోడ నెల రోజులు తెల్లగానే ఉంటుంది. పుచ్చిన దూలం మార్చడం అపచారం కాదు. కాస్త ఓపిక పడితే రెండు వానాకాలాలు వాటి పని అవి చేస్తాయి.

చిన్నీ, ఆ నోటు ఖర్చు పెట్టకు. భూతద్దం పెట్టి వంతెన కింద నీళ్ళు ఎటు పోతున్నాయో చూడు. వేసవికి ఊరు వచ్చినప్పుడు ఇద్దరూ పడమటింట్లోకి వెళ్ళండి. ధాన్యం కొట్టు పక్క గోడ మీద మేకుతో గీసిన రెండు గీతలు ఉంటాయి. కిందిది భోషాణం తెరిచిన ఏటిది, నాన్నగారు గీశారు. పైది 1986ది, నేను గీశాను. సున్నం వేసినప్పుడల్లా వాటిని మళ్ళీ తవ్వి ఉంచాను. ఒకరి తరవాత ఒకరు ఆ గోడకు ఆనుకుని నిలబడి, ఎవరి తల ఏ గీతకు వచ్చిందో చూసుకోండి.

మీ
తాతయ్య