ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి? అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన మా షెడ్డు ఉంది. ఇరవై రెండేళ్లుగా కార్ల ఇంజిన్ పనే నా వృత్తి. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువ మంది అడిగిన ప్రశ్న, ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్నదే. దానికి జవాబు చెప్పే ముందు, బండి ఎక్కడ తిరుగుతుందని నేను ఎదురు అడుగుతాను. ఎందుకంటే ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ఏడాది కొన్న రెండు కార్లు మా షెడ్డుకు వస్తాయి. ఒకటి రోజుకు మూడుసార్లు భక్తులను కొండకు చేర్చే ట్యాక్సీ. రెండోది పదవీ విరమణ చేసిన ఒక మాస్టారిది. రైతుబజారుకూ, సోమవారాల్లో కపిలతీర్థానికీ తప్ప వీధి దాటదు. ఈ రెండింటికీ ఒకే అంకె చెప్పడం, కూలికి వెళ్లే మనిషికీ మంచం మీదున్న మనిషికీ ఒకే మందు చీటీ రాయడం వంటిది.

అపోహ: ఏ కారుకైనా 5,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చి తీరాలి.

ఈ మాట పుట్టిన కాలానికి అది నిజమే. కార్బురేటర్ ఇంజిన్లలో పెట్రోలు అవసరానికి మించి పడేది, మండగా మిగిలింది సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఆయిల్‌లో కలిసేది. అప్పటి మినరల్ ఆయిల్ కూడా వేడికి త్వరగా చెడేది. ఇప్పుడు ఇంజెక్టర్లు పెట్రోలును కొలిచి పోస్తున్నాయి, ఆయిల్ శుద్ధి చేసే పద్ధతులూ అందులో కలిపే రసాయనాలూ ఎంతో మెరుగయ్యాయి. అందుకే మన దేశంలో అమ్ముడయ్యే పెట్రోలు కార్లలో చాలావాటి మాన్యువల్ 10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, వీటిలో ఏది ముందు వస్తే అది అని చెబుతుంది. కొన్నింటికి 15,000 వరకు గడువు ఉంటుంది. చెన్నైకో బెంగళూరుకో హైవే మీద నిలకడగా తిరిగే కారుకు 5,000కే ఆయిల్ దింపేయడమంటే, మంచి ఆయిల్‌ను డబ్బిచ్చి పారబోయడమే. అలాంటి బండి వస్తే, ఇంకా గడువు ఉందని చెప్పి నేను తిప్పి పంపుతాను.

అయితే అదే మాన్యువల్‌లో, అదే పట్టిక కింద, కఠిన పరిస్థితుల్లో నడిచే వాహనాల గురించి మరో పట్టిక ఉంటుంది. దాన్ని చదివినవారు నాకు చాలా అరుదుగా కనిపించారు. దుమ్ము రోడ్లు, కొండ దారులు, ఎక్కువసేపు ఆగి ఇంజిన్ తిరుగుతూ ఉండటం, అతి తక్కువ దూరాల ప్రయాణాలు, ఎప్పుడూ నిండు బరువు అనేవి ఆ జాబితాలో ఉంటాయి. ఇలాంటి వాడకానికి గడువును తగ్గించమని, చాలా సందర్భాల్లో సగానికి తగ్గించమని, తయారీదారులే చెబుతారు. మన జిల్లాల్లో తిరిగే కార్లలో ఎన్ని మొదటి పట్టికకు చెందుతాయో, ఎన్ని రెండో పట్టికకు చెందుతాయో ఒకసారి ఆలోచించండి.

చిన్న లెక్క ఒకటి చూద్దాం. సగటున గంటకు 60 కిలోమీటర్ల వేగంతో హైవే మీద 10,000 కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్ సుమారు 167 గంటలు పనిచేసి ఉంటుంది. లీలామహల్ సర్కిల్, బస్టాండు, రైల్వే స్టేషను మధ్య సగటున గంటకు 20 కిలోమీటర్లతో అదే 10,000 పూర్తి చేసిన ఇంజిన్ 500 గంటలు పనిచేసింది. మీటరులో కనిపించే అంకె ఒకటే అయినా, రెండో బండిలోని ఆయిల్ మూడు రెట్లు ఎక్కువసేపు కాగింది, మూడు రెట్లు ఎక్కువసేపు మసిని మోసింది. మీటరు చక్రాలు తిరిగిన దూరాన్ని లెక్కిస్తుందే తప్ప, ఇంజిన్ తిరిగిన కాలాన్ని లెక్కించదు.

ఇక కొండ బండ్ల సంగతి. అలిపిరి నుంచి రెండో ఘాట్ రోడ్డు మీద ఏడుగురు మనుషులు, వారి సామానుతో ఎక్కే బండి రెండో గేరు, మూడో గేరు మధ్యే ఎక్కువసేపు ఉంటుంది. వేగం తక్కువ కాబట్టి రేడియేటరుకు తగిలే గాలీ తక్కువే. పైన పార్కింగులో ఏసీ కోసం బండి ఆపకుండా ఉంచుతారు. తిరుగు ప్రయాణం 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు మీద, మెలికల్లో, తక్కువ గేరులో ఉంటుంది. దిగేటప్పుడు ఇంజిన్‌కు శ్రమ ఉండదని డ్రైవర్లు అనుకుంటారు. పెట్రోలు ఇంజిన్‌లో ఆ సమయంలో జరిగేది వేరు. యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతున్నప్పుడు, గాలి వచ్చే దారి మూసుకుని ఉండటం వల్ల సిలిండర్‌లో పీల్పు ఎక్కువై, అరిగిన వాల్వ్ సీళ్ల గుండా, పిస్టన్ రింగుల గుండా ఆయిల్ పైకి లాగబడుతుంది. అలిపిరి దగ్గర సమతలానికి వచ్చి యాక్సిలరేటర్ నొక్కగానే సైలెన్సర్ నుంచి ఒక్కసారిగా నీలం పొగ వచ్చి, ఆ తర్వాత తగ్గిపోతే, అది ఆ దారిలో పైకి చేరిన ఆయిల్ కాలడమే. అలాంటి బండికి గడువు దాకా ఆయిల్ మిగిలి ఉండటమే అనుమానం. రోజూ కొండకు వెళ్లే ట్యాక్సీలకు నేను 6,000 కిలోమీటర్లు దాటనివ్వను, వారానికొకసారి ఆయిల్ మట్టం చూపే కడ్డీ తీసి చూసుకోమని చెబుతాను. రోజుకు మూడు ట్రిప్పులు వేసే వారికి ఇది సుమారు రెండు నెలలకొకసారి వచ్చే ఖర్చు. సిలిండర్లు అరిగి ఇంజిన్ బోరుకొస్తే అయ్యే ఖర్చు పక్కన ఇది చాలా చిన్నది.

చిత్తూరు, కుప్పం వైపు గ్రానైట్ క్వారీల దగ్గర తిరిగే బండ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. అక్కడ ఆయిల్‌తో పాటు ఎయిర్ ఫిల్టర్‌నూ చూడాలి. రాతి పొడి గాలితో పాటు లోపలికి చేరితే ఆయిల్‌లో కలిసి గరుకు కాగితంలా రింగులను అరగదీస్తుంది. ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా ఆ అరుగుదల ఆగదు.

అపోహ: బండి తిరగలేదు కాబట్టి ఆయిల్ మార్చనక్కరలేదు.

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే, ఎందుకంటే బండిని ప్రేమగా చూసుకునేవారే దీన్ని నమ్ముతారు. పైన చెప్పిన మాస్టారి కారు మా షెడ్డుకు మొదటిసారి వచ్చినప్పుడు దాని వయసు నాలుగేళ్లు, మీటరులో ఉన్నది 6,200 కిలోమీటర్లు. ఆయిల్ ఒక్కసారే మారింది, అదీ మొదటి ఏడాదిలో. "పదివేలు ఇంకా కాలేదు కదా నాయనా" అని ఆయన అన్నారు. ఆయిల్ పోసే మూత విప్పగానే, మూత లోపలి వైపు మజ్జిగ చిలికినప్పుడు కవ్వానికి అంటుకునే వెన్నలాంటి లేత గోధుమరంగు పదార్థం వేలికి అంటింది. అది నీరు కలిసిన ఆయిల్. రేడియేటర్ నీరు ఆయిల్‌లో కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయిందేమోనని రేడియేటర్ నీళ్లు చూశాను, మట్టం తగ్గలేదు. టాపెట్ కవర్ విప్పితే మూలల్లో నల్లని మడ్డి గడ్డకట్టి ఉంది. కింద ఆయిల్ నిలిచే చాంబర్ దింపితే, పంపు ఆయిల్‌ను పీల్చే జల్లెడ సగం మూసుకుపోయింది.

ఆ నీళ్లు ఎక్కడివని ఆయన అడిగారు. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అందులో చాలా భాగం సైలెన్సర్ దారిన పోతుంది, కొంత మాత్రం రింగుల సందుల గుండా చాంబర్‌లోకి దిగుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కి కొంతసేపు అలాగే నడిస్తే ఆ తేమ తిరిగి ఆవిరై వెళ్లిపోతుంది. రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే వెళ్లదు. డాష్‌బోర్డులో నీళ్ల వేడి చూపే ముల్లు మధ్యకు వచ్చినా, ఆయిల్ వేడెక్కడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. ఇలా మిగిలిన నీరు, కాలని పెట్రోలు, మంటలో పుట్టిన ఆమ్లాలు కలిసి, ఆయిల్‌లో వాటిని అడ్డుకోవడానికి కలిపిన రసాయనాలను నెమ్మదిగా తినేస్తాయి. అందుకే మాన్యువల్‌లో కిలోమీటర్ల పక్కనే సంవత్సరం గడువు రాసి ఉంటుంది. ఆ కారుకు చాంబర్, జల్లెడ శుభ్రం చేసి, వెయ్యి కిలోమీటర్ల తేడాతో రెండుసార్లు ఆయిల్, ఫిల్టర్ మార్చాను. ఇంజిన్ దక్కింది. నెలకు రెండుసార్లయినా శ్రీకాళహస్తి దాకా ఆగకుండా నడిపి రమ్మని ఆయనకు చెప్పాను, ఆయన అలాగే చేస్తున్నారు. రోజూ ఉదయం ఇంటి ముందే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం మేలు చేయదు. అది రోజూ కొంత నీటిని చాంబర్‌లోకి చేర్చే పని.

అపోహ: ఆయిల్ నల్లబడితే చెడిపోయినట్టు, తేటగా ఉంటే బాగున్నట్టు.

డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ పోసి వంద కిలోమీటర్లు నడిపినా నల్లగానే కనిపిస్తుంది. మసిని గడ్డకట్టనివ్వకుండా తనలో తేల్చి ఉంచడం ఆయిల్ చేయవలసిన పనే, ఆ పని చేస్తోందనడానికి నలుపు గుర్తు. దీనికి విరుద్ధంగా సీఎన్‌జీ కారులో ఆయిల్ చాలాకాలం తేనెరంగులోనే ఉంటుంది. గ్యాస్‌కు మసి తక్కువ కాబట్టి రంగు మారదు, కానీ మంట వేడికి ఆయిల్ ఆక్సీకరణ చెంది లోపల చెడుతూనే ఉంటుంది. రంగును నమ్మి గడువు దాటించిన సీఎన్‌జీ ఆటోలు, కార్లు మా దగ్గరికి తరచుగా వస్తుంటాయి.

అపోహ: మన ఎండలకు చిక్కటి ఆయిల్ పోస్తే ఎక్కువ కాలం వస్తుంది.

మే నెలలో బయట 43 డిగ్రీలు ఉండవచ్చు. నడుస్తున్న ఇంజిన్‌లో ఆయిల్ వేడి, చలికాలమైనా ఎండాకాలమైనా, 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటుంది. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే, అందులోని 30 అనేది 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనాన్ని సూచించే తరగతి. అంటే ఆ లెక్క మన ఎండను దాటే వేసి ఉంది. 0డబ్ల్యూ-20 పోయమని మాన్యువల్ చెప్పిన ఇంజిన్‌లో బేరింగుల సందులు, వాల్వ్ టైమింగ్‌ను మార్చే భాగాలలోని సన్నని దారులు ఆ పలుచదనానికి తగ్గట్టు చేసినవి. అందులో 20డబ్ల్యూ-50 పోస్తే ఉదయం స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో పైభాగాలకు ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. ఇంజిన్ అరుగుదలలో ఆ క్షణాల పాత్ర పెద్దది. పాతబడి పొగ కొట్టే ఇంజిన్‌లో ఒక మెట్టు చిక్కటిది వాడటం వేరే సంగతి, అది రిపేరు వాయిదా వేయడమని తెలిసి చేసే పని.

అపోహ: ఆయిల్ మట్టం తగ్గలేదు, అంటే ఇంజిన్ బాగుంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ కార్లు ఉన్నవారు దీన్ని శ్రద్ధగా చదవాలి. ఈ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడు, ఇంజిన్ అదనంగా డీజిల్ పంపి, ఆ వేడితో మసిని కాల్చుకుంటుంది. ఊళ్లోనే తిరుగుతూ ఆ పని మధ్యలో పదే పదే బండి ఆపేస్తే, కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట ఆయిల్‌లోకి దిగుతుంది. కడ్డీ మీద మట్టం పై గీతను కూడా దాటుతుంది. మట్టం తగ్గడం లాగే పెరగడమూ ప్రమాదమే, ఎందుకంటే డీజిల్‌తో పలుచబడిన ఆయిల్ బేరింగును కాపాడలేదు. కడ్డీ వాసన చూస్తే డీజిల్ తెలుస్తుంది. ఇలాంటప్పుడు గడువు చూడకుండా మార్చవలసిందే, అదీ మాన్యువల్ చెప్పిన తక్కువ బూడిద ఇచ్చే ఆయిల్‌తోనే. చాలా కార్లకు అది యూరప్ కార్ల తయారీదారుల సంఘం (ఏసీఈఏ) పెట్టిన సీ2 లేదా సీ3 తరగతిది. పాత డీజిల్ బండ్ల ఆయిల్ పోస్తే దాని బూడిద ఫిల్టర్‌లో పేరుకుంటుంది, అది కాలి పోయేది కాదు.

ఫిల్టర్‌ను రెండుసార్లకొకసారి మార్చితే చాలని కొందరు అంటారు. ఒప్పుకోకండి. పాత ఫిల్టర్ మూసుకుపోతే అందులోని బైపాస్ వాల్వ్ తెరుచుకుని, వడపోయని ఆయిల్ నేరుగా ఇంజిన్‌కు వెళుతుంది. సింథటిక్ ఆయిల్ 20,000 కిలోమీటర్లు వస్తుందన్న మాటను కూడా మాన్యువల్ ఒప్పుకుంటేనే నమ్మండి. సింథటిక్ వేడిని బాగా తట్టుకుంటుంది, కానీ నీరూ దుమ్మూ డీజిలూ దానిలోనూ అలాగే కలుస్తాయి. తగ్గినంత పోసుకుంటూ వెళ్లడం మార్చడంతో సమానం కాదు.

అపోహ: ఎర్ర లైటు వెలిగినప్పుడు చూసుకోవచ్చు.

డాష్‌బోర్డులో ఆయిల్ డబ్బా బొమ్మతో వెలిగే ఎర్ర లైటు ఆయిల్ పాతబడిందని చెప్పదు, గడువు అయిందని చెప్పదు. ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెబుతుంది. చాంబర్‌లో ఆయిల్ బాగా తగ్గిన బండి సమతలం మీద మామూలుగానే నడుస్తుంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మలుపులో, మిగిలిన ఆ కొద్ది ఆయిల్ ఒక పక్కకు ఒరిగి, జల్లెడ గాలి పీలుస్తుంది. అప్పుడు ఆ లైటు ఒక్క క్షణం మినుకుమని ఆరిపోతుంది. మలుపు దాటాక ఆరిపోయింది కదా అని పైదాకా వెళ్లి, బేరింగులు పట్టేసి, లారీ మీద మా షెడ్డుకు వచ్చిన బండ్లను నేను చూశాను. ఆ లైటు మినుకుమంటే బండిని పక్కకు తీసి, ఇంజిన్ ఆపేయండి. సమంగా ఉన్న చోట పది నిమిషాలు ఆగి, కడ్డీ తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. కింది గీతకు దిగువన ఉంటే, ఆయిల్ తెప్పించి పోసేదాకా మళ్లీ స్టార్ట్ చేయకండి. మట్టం సరిగ్గానే ఉండి లైటు వెలిగితే మెకానిక్‌ను బండి దగ్గరికే పిలిపించండి. ఆ స్థితిలో ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు.