బలపాలు తినడం వేవిళ్ల కోరిక కాదమ్మా, ఒంట్లో రక్తం లేదని గుర్తు

కిందటి నెల ఓపీకి ఏడో నెల అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్లు, తొలి కాన్పు. నాడి చూద్దామని చెయ్యి పట్టుకుంటే బొటనవేలికీ చూపుడువేలికీ బూడిదరంగు పొడి అంటుకుని ఉంది. "బలపాలు తింటున్నావా?" అన్నాను. తల వంచుకుంది. వెనక నిలబడ్డ అత్తగారు కొంగు ముడి విప్పి నాలుగు ముక్కలు చూపించింది. "వేవిళ్ల కోరిక గదా మేడం, కాదనకూడదని మేమే కొనిపెడతన్నాం. రెండ్రోజులకో పెట్టె అయిపోతాంది" అంది. కింది రెప్ప లాగి చూస్తే ఎరుపన్నదే లేదు. రిపోర్టులో హిమోగ్లోబిన్ 6.4.

మాది మార్కాపురం, పలకలకు పేరుపడ్డ ఊరు. ఇక్కడ బలపం దొరకడం ఎవరికీ కష్టం కాదు. అలాగని ఇది మా ఊళ్లోనే ఉన్న అలవాటు కాదు. ఒకరు పొయ్యి మట్టి గిల్లుకు తింటారు, ఒకరు విభూతి, ఒకరు డబ్బాలోంచి గుప్పెడు పచ్చి బియ్యం. ఫ్రిజ్ ఉన్న ఇళ్లలో గ్లాసులకు గ్లాసులు ఐస్ నములుతారు. అందరి ఇళ్లలోనూ ఒకటే మాట: కడుపుతో ఉన్నపిల్ల, అడిగింది పెట్టాలి.

పుల్లమామిడి అడిగితే పెట్టండి. నడిరాత్రి మిరపకాయ బజ్జీ అడిగినా పెట్టండి, నేనేమీ అనను. కానీ తిండి కానిది తినాలనిపిస్తోందంటే అది కోరిక లెక్కలోకి రాదు. దాన్ని మేం పైకా అంటాం. ఎక్కువమందిలో దాని వెనక ఐరన్ లోపం ఉంటుంది. పచ్చి బియ్యం తిండే గదా అంటారేమో, అదీ ఈ లెక్కలోకే వస్తుంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాలి, 7 కంటే దిగితే తీవ్రమైన రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే సగం మందికి పైనే. కాబట్టి మీ ఇంట్లో పిల్ల గోడ గీరుతుంటే ముచ్చట పడకండి, ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.

"ఎర్రమట్టిలో ఇనుముంటుందంట గదా, అందుకే ఒళ్లు అడుగుతోంది" అని చదువుకున్నవాళ్లే నాతో వాదిస్తారు. మట్టిలో ఉన్న ఇనుము మన పేగులకు అందదు. పైగా పప్పులోంచీ ఆకుకూరలోంచీ వచ్చే కాస్త ఐరన్‌ను కూడా బంకమట్టి పట్టేసుకుంటుంది. మట్టితోబాటు నులిపురుగుల గుడ్లు కడుపులోకి పోతాయి, కొన్నిచోట్ల సీసం కూడా. "బలపంలో కాల్షియం ఉంటుంది" అనేది ఇంకో మాట. బలపం రాయమ్మా. దానివల్ల వచ్చేది మలబద్ధకం.

నేను హౌస్ సర్జన్సీ చేసే రోజుల్లో ఒకామె వార్డులో ఆయమ్మను పదేపదే ఐస్ అడిగేది. మే నెల ఎండలు, పాపం వేడికి అడుగుతోంది అనుకున్నాను. ఎందుకు అడుగుతోందో ఆలోచించలేదు. కాన్పులో ఆమెకు పోయింది మామూలుగా పోయే రక్తమే. అరలీటరు పోయినా మంచి రక్తం ఉన్న మనిషి తట్టుకుంటుంది. ఈమె తట్టుకోలేకపోయింది. నాలుగు సీసాల రక్తం ఎక్కించాం. ఆ రాత్రంతా వాళ్లాయన బ్లడ్ బ్యాంకుకీ వార్డుకీ మధ్య పరిగెత్తడం నాకిప్పటికీ కళ్లముందే ఉంది. ఆమె బతికింది. అప్పట్నుంచి ఏ గర్భిణి వచ్చినా "మట్టి, బియ్యం, ఐస్, బలపం, ఏమైనా తినాలనిపిస్తోందా" అని అడక్కుండా పంపను. నలుగురిలో అడిగితే చెప్పరు. అత్తగారిని బయట కూర్చోబెట్టి అడగాలి.

ఇంత జరుగుతున్నా ఐరన్ మాత్రలు మాత్రం పరుపు కింద దొరుకుతాయి! "మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడతాడు", "బిడ్డ లావైపోయి ఆపరేషన్ అవుతుంది". రెండూ అబద్ధాలే. నల్లగా వచ్చేది మలం, బిడ్డ కాదు. ఆ మాత్రలో ఉన్నది 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు. కాన్పయ్యాక మళ్లీ 180 రోజులు. రక్తం తక్కువుంటే డాక్టరు మోతాదు పెంచుతారు. భోజనమైన గంటకు నిమ్మరసంతో మింగండి. టీ, కాఫీ, పాలతో వద్దు. కాల్షియం మాత్ర ఇంకో పూటకు మార్చుకోండి. పగలు కడుపులో తిప్పుతుంటే రాత్రి పడుకోబోయే ముందు వేసుకోండి. అప్పటికీ పడకపోతే వచ్చి చెప్పండి, ఇంజెక్షన్లున్నాయి. చెప్పకుండా మానేయడమే మాకు కష్టం.

ఇక తిండి సహించకపోవడం. అన్నం ఉడికే వాసనకే కడుపులో తిప్పుతుంది, పోపు వేస్తే వాంతి. "మేమూ కన్నాం, ఇన్ని వయ్యారాలు పోయామా" అనే పెద్దవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది. అది హార్మోన్ల ప్రభావం, నటన కాదు. నాకు మా పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు కాఫీ వాసన తగిలితే చాలు, డ్యూటీ రూమ్‌లోంచి బయటికొచ్చి వరండాలో నిలబడేదాన్ని. చాలామందికి నాలుగో నెలలో తగ్గుతుంది. అప్పటిదాకా సహించింది కొంచెం కొంచెం తిననివ్వండి. చల్లారిన అన్నానికి వాసన తక్కువ. పొద్దున లేవగానే నాలుగు మరమరాలు నోట్లో వేసుకుంటే కొందరికి బాగుంటుంది. గుడ్డు పడకపోతే ఉడికించిన శనగలు, పప్పు. ఆ మూడు నెలలు పోపు మొగుడు వేయాలి, అంతే. కానీ మంచినీళ్లు కూడా నిలవకపోయినా, ఒంటేలు తగ్గి ముదురు రంగులో వస్తున్నా, బరువు పడిపోతున్నా ఇంట్లో కూర్చోకండి. సెలైన్ పెట్టాల్సి రావచ్చు.

మిగతావి గబగబా చెప్పేస్తా. పులుపు కోరితే ఆడపిల్ల, తీపి కోరితే మగపిల్లాడు: లేదు. కోరిక తీర్చకపోతే బిడ్డకు చెవిలో చీము కారుతుంది: లేదు. కుంకుమపువ్వుతో తెల్లటి బిడ్డ: లేదు, ఆ డబ్బుతో గుడ్లు కొనండి. బాగా పండిన బొప్పాయి మామూలుగా తినొచ్చు, పచ్చిది వద్దు. ఇద్దరి తిండి తినక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి అదనంగా కావాల్సింది రోజుకు 350 కిలోకేలరీలే.

ఆ అమ్మాయిని ఆ రోజే అడ్మిట్ చేసి ఐరన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. నులిపురుగుల మాత్ర కూడా ఇచ్చాం. బలపాలు మానమని గట్టిగా చెప్పలేదు, చెప్పినా మానలేకపోతుందని తెలుసు. మూడో వారం వచ్చినప్పుడు చేతివేళ్లు చూశాను, శుభ్రంగా ఉన్నాయి. "దాని మీదకి మనసు పోవట్లేదు మేడం" అంది, తనకే ఆశ్చర్యంగా ఉన్నట్టు. హిమోగ్లోబిన్ 8.2. ఇంకా చాలదు. మళ్లీ 9వ తారీఖున రమ్మన్నాను.