పొదిగిందెవరో పెంకు చెప్పింది

మడగాస్కర్ దక్షిణ కొసన ఫో కాప్ అనే చోట ఇసుక తిన్నెల మీద గుడ్డు పెంకులు ఇప్పటికీ దొరుకుతాయి. ఒక్కో ముక్క మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం. అవి ఏనుగు పక్షివి. ఎగరలేని ఆ పక్షి అంతరించి సుమారు వెయ్యేళ్ళయింది. దాని గుడ్డు నిండుగా దొరికితే అడుగు పొడవు ఉంటుంది. అందులో పట్టే సొన 150 కోడిగుడ్ల పెట్టు. మనకు తెలిసినంతలో ఏ జంతువూ ఇంతకంటే పెద్ద గుడ్డు పెట్టలేదు, డైనోసార్లతో సహా.

ఇది ఎంత గట్టిదంటే, సముద్రం కూడా దాటింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో స్కాట్ నది దగ్గర 1930లో ఒకటి, సెర్వాంటెస్ ఊరి దగ్గర ఇసుకలో 1990ల మొదట్లో పిల్లలకు ఇంకొకటి దొరికాయి. ఆస్ట్రేలియాలో ఆ పక్షి ఏనాడూ లేదు. ఆరు వేల కిలోమీటర్లకు పైగా హిందూ మహాసముద్రం మీద తేలుతూ వచ్చి ఒడ్డుకు చేరాయన్నమాట. సెర్వాంటెస్ గుడ్డు వయసు సుమారు రెండు వేల ఏళ్ళని కార్బన్ పరీక్షలో తేలింది.

గుడ్డు పెద్దదయ్యేకొద్దీ ఒక చిక్కు వస్తుంది. పైన కూర్చున్న పక్షి బరువుకు పగలకూడదు. అలాగని పెంకు మరీ మందమైతే లోపలి పిల్ల దాన్ని బద్దలు కొట్టుకుని రాలేదు. దానికి ఊపిరి కూడా పెంకులోని సన్నటి రంధ్రాల గుండానే ఆడాలి. ఏనుగు పక్షి మందం వైపు మొగ్గింది. న్యూజిలాండ్‌లో అంతరించిపోయిన మోవా అనే పక్షి మాత్రం సరిగ్గా ఎదురుదారి పట్టింది.

మోవాల్లో తొమ్మిది జాతులుండేవి. అన్నిటికంటే పెద్దదైన డైనోర్నిస్‌లో ఆడది 200 కిలోలు దాటేది. మగది అందులో సగం కూడా తూగదు. తేడా ఎంతగా ఉండేదంటే, ఆడ ఎముకలకూ మగ ఎముకలకూ వేర్వేరు జాతుల పేర్లు పెట్టేశారు. 2003లో డీఎన్ఏ పరీక్షలు చేశాక గానీ రెండూ ఒకే జాతి అని తెలియలేదు. మరి ఈ భారీ పక్షి గుడ్డు పెంకు మందమెంత? సుమారు 1.4 మిల్లీమీటర్లు. కొన్ని చిన్న మోవాల పెంకు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. రెండు క్వింటాళ్ళ పక్షి దాని మీద కూర్చుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

పనికిరాని తర్కానికి దిగేవాళ్ళని కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నారంటాం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ శాస్త్రజ్ఞులు 2010లో అచ్చంగా ఆ పనే చేశారు, పైగా ఫలితం సాధించారు. గుడ్డు తయారయ్యేటప్పుడు తల్లి డీఎన్ఏ పెంకులోని సున్నపు స్ఫటికాల మధ్య చిక్కుకుని వందల ఏళ్ళు నిలుస్తుంది. ఇది అప్పటికే తెలుసు. వాళ్ళు పెంకు బయటి ముఖాన్ని విడిగా పరీక్షించారు. వారాల తరబడి గుడ్డును అంటిపెట్టుకున్న పక్షి చర్మం నుంచో ఈకల నుంచో ఏదో కొంత దానికి అంటుకుని ఉంటుంది కదా! పక్షుల్లో డబ్ల్యూ క్రోమోజోమ్ ఆడదానికే ఉంటుంది కాబట్టి, డీఎన్ఏ చాలినంత దొరికితే ఆడా మగా చెప్పేయవచ్చు. పెంకు పైన దొరికింది మగ పక్షి డీఎన్ఏ. అంటే, పొదిగే పని బరువు తక్కువున్న తండ్రిది అయి ఉంటుంది. వింతేమీ కాదు, ఈమూల్లో ఇప్పటికీ పొదిగేది మగదే. అయితే, చచ్చిపోయిన పక్షి కాపురం సంగతులు పెంకు ముక్క మీంచి తీయడం నా దృష్టిలో ఏ అస్థిపంజరమూ చేయలేని పని.

ఆడా మగా వేర్వేరు జాతులు కావన్న తీర్పు ఏనుగు పక్షి విషయంలోనూ వచ్చింది. మడగాస్కర్ వేడికి ఎముకల్లో డీఎన్ఏ సరిగ్గా నిలవదు, పెంకులో నయం. అన్నిటికంటే పెద్ద ఎముకలను 2018లో వోరోంబె అనే కొత్త పేరుతో విడదీశారు. 2023లో పెంకుల డీఎన్ఏ చూసినవాళ్ళు అది వేరే పక్షి కాదనీ, బహుశా పాత జాతిలోని ఆడదేననీ అన్నారు. దీని దగ్గరి చుట్టం ఎవరన్నది ఇంకో ఆశ్చర్యం. పక్కనున్న ఆఫ్రికా ఉష్ట్రపక్షి కాదు, కోడంత ఉండే న్యూజిలాండ్ కివి! ఈ సంగతి 2014లో ఎముకల నుంచి తేలింది. మడగాస్కర్ సుమారు 9 కోట్ల ఏళ్ళ కిందట మన భారత భూభాగం నుంచి విడిపోయింది. న్యూజిలాండ్‌తో దానికి అంత దగ్గరి సంబంధం లేదు. కాబట్టి వీటి పూర్వీకులు ఎగిరే వచ్చి, దీవుల్లో స్థిరపడ్డాక రెక్కలు వదులుకున్నాయనుకోవాలి.

మారిషస్‌లో అంతరించిన డోడో పక్షి సంగతి వేరు. దాని గుడ్డే అని అందరూ ఒప్పుకునేది ఒక్కటీ మిగల్లేదు.

మోవా గుడ్లు కొన్ని మిగిలింది చనిపోయిన మనుషుల పుణ్యాన. 1857లో న్యూజిలాండ్‌లోని కైకోరాలో ఇంటి పునాది తవ్వుతుంటే ఒక సమాధి బయటపడింది, అందులో అస్థిపంజరంతో పాటు గుడ్డు. 24 సెంటీమీటర్ల పొడవు. లండన్‌లో వేలానికి కూడా వెళ్ళి వచ్చిన ఆ గుడ్డు ఇప్పుడు వెల్లింగ్టన్‌లోని తె పాపా మ్యూజియంలో ఉంది. అదే దేశంలోని వైరావు బార్‌లో 1939లో జిమ్ ఐల్స్ అనే బడిపిల్లాడికి దొరికిన సమాధిలోనూ మోవా గుడ్డు ఉంది, కొసన చిన్న రంధ్రంతో. అప్పటి మనుషులు సొన తీసేసి పెంకును నీళ్ళకు వాడుకునేవారు.

పసిఫిక్ దీవుల వాళ్ళైన పాలినీషియన్లు న్యూజిలాండ్‌లో అడుగుపెట్టింది 13వ శతాబ్దం చివర్లో. సుమారు 150 ఏళ్ళకు మోవాలన్నీ అయిపోయాయి. అప్పుడు అక్కడి మొత్తం జనాభా రెండున్నర వేలకు మించి ఉండదని 2014లో ఒక అంచనా వచ్చింది. అంత కొద్దిమందే సరిపోయారు. ఎందుకంటే వేట పెద్ద పక్షులతో ఆగలేదు, గుడ్లూ తిన్నారు. ఎముకల్లోని పెరుగుదల గీతలను బట్టి చూస్తే, మోవా పిల్ల గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టేది. గూటికి ఒకటో రెండో గుడ్లు. తిన్నవాటి లోటు పూడ్చుకునే వేగం ఆ పక్షికి లేదు.