అపోహలు – వాస్తవాలు: చేలో కనిపించే ప్రతి పురుగూ శత్రువు కాదు

సార్వా చేలు పొట్టకొచ్చే రోజుల్లో నా ఫోన్‌కి తీరిక ఉండదు. "చేనంతా పచ్చదోమేనండి, ఏం కొట్టమంటారు?" మొన్నొక రైతు రాత్రి తొమ్మిదింటికి ఇదే అడిగాడు, పురుగుమందు డబ్బా అప్పటికే కొనేశాడు. పొద్దున్నే వెళ్లి దుబ్బు వంచి అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాను. నీళ్ల మీద పడ్డవాటిలో సుడిదోమలు (దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే పురుగులు) నాలుగో ఐదో, మిగతావన్నీ ఆకుపచ్చ ఒళ్లు, నల్ల తల, పొడుగు మీసాలతో గబగబా పరిగెడుతున్నాయి. పచ్చదోమ కాదవి, మిరిడ్ నల్లులు. సుడిదోమ గుడ్లు, పిల్లల్ని వెతుక్కుని తింటాయి.

అపోహ: పురుగు కనపడగానే మందు కొడితే పంట సేఫ్.

వాస్తవం: రైతుని ముంచేది ఇదే. సుడిదోమ గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి, మందు అక్కడిదాకా సరిగ్గా వెళ్లదు. పైన తిరిగే సాలీళ్లు, మిరిడ్లు మాత్రం చస్తాయి. వారం, పది రోజుల్లో గుడ్లు పగిలి పిల్లదోమలు వస్తే తినేవాళ్లుండరు, ఇక రెండో మందు, మూడో మందు. సింథటిక్ పైరిత్రాయిడ్లనే రకం పురుగుమందులు కొట్టిన చేలో దోమ ఇంకా రెచ్చిపోతుంది. మా నాన్న వేసిన స్వర్ణ రకం వరి చేలో ఇదే జరిగింది, మూడుసార్లు కొట్టాక సుడులు సుడులుగా ఎండిపోతే ఆయన గట్టు మీద కూర్చుని మధ్యాహ్నందాకా నోరు విప్పలేదు. ఇండోనేషియాలో దేశమంతా ఈ దెబ్బ తగిలి 1986లో వరి మీద 57 పురుగుమందుల్ని నిషేధించారు, తర్వాత రైతులకి చేలోనే పురుగుల్ని గుర్తుపట్టడం నేర్పారు. రైతులకి చేలోనే పాఠం చెప్పే మన పొలంబడికి మూలం అదే.

అందుకే పొలంబడిలో ముందు చార్టు గీయిస్తాం: మధ్యలో వరి దుబ్బు, ఒక పక్క శత్రు పురుగులు, ఇంకో పక్క మిత్ర పురుగులు, పైన ఎండ, కింద నీళ్లు, కలుపు. శత్రువులు రెండుంటే మిత్రుడు ఒకటున్నా ఆగమంటాం. పిలకల దశలో దుబ్బుకి 10-15 దోమలు దాటి, మిత్రులు కనపడకపోతే మందు కొట్టమనే చెప్తాను, అదీ నీళ్లు తీసేసి దుబ్బు మొదళ్లు తడిసేలా. అసలు మందే వద్దనేవాళ్ల మాటా నమ్మకండి.

మిగతావి గబగబా చెప్పేస్తా. గట్టు నున్నగా చెక్కితే పురుగు రాదన్నది వట్టి మాట, గట్టు మీద అలసంద, బంతి, నువ్వు పూస్తే పురుగు గుడ్లని నాశనం చేసే బుల్లి కందిరీగలకి తిండి దొరుకుతుంది. యూరియా దట్టిస్తే దోమని పిలిచినట్టే. వరి నాట్ల మధ్య ఖాళీ బాటలు తీస్తే దిగుబడి పోతుందని భయపడతారు గానీ, 2 మీటర్లకో 20 సెంటీమీటర్ల బాట వదిలితేనే దుబ్బు మొదట్లోకి గాలీ వెలుతురూ వెళ్తాయి.

టెన్షన్ ఎందుకుంటుందో నాకు తెలుసు, అప్పు తెచ్చి పెట్టిన పంట అది. డబ్బా కొనేముందు చేలో అక్కడక్కడా పది దుబ్బులు కొట్టి చూసి, ఏవి ఎన్నున్నాయో లెక్కతో ఫోన్ చేయండి. రాత్రయినా ఎత్తుతాను.