ఇండెక్స్ సున్నా వచ్చిందా? మోడ్‌లు లేవని అప్పుడే తేల్చేయకండి

అపోహ: ఫ్లోకే ఎఫెక్టివ్ హామిల్టోనియన్‌కి (క్రమం తప్పకుండా ఊపే, అంటే డ్రైవ్ చేసే, వ్యవస్థ ఒక పీరియడ్‌లో ఎలా మారుతుందో చెప్పేది) టోపలాజికల్ ఇండెక్స్ సున్నా అంటే ఆ సూపర్‌కండక్టర్ ట్రివియల్, అంటే కొసల్లో మోడ్‌లు (అక్కడే నిలిచే స్థితులు) లేనిది.

ఎక్కువ మంది శ్రమ నీరుగారేది ఇక్కడే. డ్రైవ్ లేని గొలుసుకి (వరసగా పేర్చిన సైట్లకి) సున్నా ఎనర్జీ దగ్గర ఒక్కటే గ్యాప్, అంటే స్థితులు లేని ఖాళీ. డ్రైవ్ చేస్తే క్వాసీ ఎనర్జీ (ఒక పీరియడ్‌లో స్థితి ఫేజ్ ఎంత తిరిగిందో చెప్పేది) వలయంలా చుట్టుకుంటుంది, డ్రైవ్ ఫ్రీక్వెన్సీలో సగం దగ్గర రెండో గ్యాప్ పుడుతుంది. గొలుసు కొసన రెండు గ్యాపుల్లోనూ చెరో మయోరానా (తనకి తానే ప్రతికణమైన, సగం ఫెర్మియాన్ లాంటి మోడ్) ఉంటే పారిటీ ఇండెక్స్‌లో (సరి-బేసి మాత్రమే చూసేది) అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఉన్నవి రెండు, కనిపించేది సున్నా.

కిటాయెవ్ గొలుసుతో (ఒకే వరస సూపర్‌కండక్టర్‌కి సరళ నమూనా) పరీక్షించండి. హాపింగ్ (పక్క సైట్‌కి దూకడం), పెయిరింగ్ (పక్క సైట్లు జంట కట్టడం) సమానం. పీరియడ్‌కి రెండు మెట్లు: ముందు కెమికల్ పొటెన్షియల్ ఒక్కటే, తర్వాత హాపింగ్-పెయిరింగ్ మాత్రమే. తగ్గించిన ప్లాంక్ స్థిరాంకాన్ని (ħ) 1గా తీసుకుంటే మొదటి కోణం పొటెన్షియల్‌ని సమయంతో గుణిస్తే వచ్చేది. రెండోది హాపింగ్‌కి రెట్టింపుని సమయంతో గుణిస్తే వచ్చేది. 180°, 90° పెట్టండి. మొదటి మెట్టు ప్రతి మయోరానా గుర్తునీ తిప్పేస్తుంది, రెండోది కొసనున్నదాన్ని ముట్టుకోదు. రెండో గ్యాప్‌లో ఉండి, రెండు పీరియడ్లకోసారి మొదటికొచ్చే పై (π)-మోడ్ అదే. మీ కోడ్‌లో అది రాలేదంటే తప్పు కోడ్‌దే.

ఇప్పుడు 90°, 162°. నలభై సైట్లు చాలు, కొసలు తెరిచి ఉంచండి. ఎఫెక్టివ్ హామిల్టోనియన్ కోసం లాగరిథమ్ జోలికి పోవద్దు, మైనస్ 1 దగ్గర బ్రాంచ్ కట్ (లాగరిథమ్ విలువ తెగి గెంతే చోటు) ముంచుతుంది. మయోరానాలని ఒక పీరియడ్ ముందుకి నడిపే ఎవల్యూషన్ ఆపరేటర్ ఐగెన్ విలువలే నేరుగా చూడండి: 1 దగ్గర రెండు, మైనస్ 1 దగ్గర రెండు, మిగతావన్నీ యూనిట్ వృత్తం మీద అటూ ఇటూ 72°-108° మధ్య. కొసలు కలిపేస్తే ఆ నాలుగూ మాయం.

పూర్ణాంక ఇండెక్స్ కావాలంటే పీరియడ్‌ని ఒకసారి మొదటి మెట్టు నడిమి నుంచి, ఇంకోసారి రెండో మెట్టు నడిమి నుంచి మొదలుపెట్టి రెండు వైండింగ్ సంఖ్యలు (ఎన్నిసార్లు చుట్టుకుందో చెప్పేవి) తీయండి. మొత్తంలో సగం సున్నా మోడ్‌లు, తేడాలో సగం పై-మోడ్‌లు. పాత ఫలితాలు పారేసినవాళ్లు కంగారుపడనక్కర్లేదు, పారామీటర్లుంటే మళ్లీ తీయడం పెద్ద పనేం కాదు.

అపోహ: ఫ్రీక్వెన్సీ పెంచితే మోడ్‌లు పెరుగుతాయి. కోణాల మొత్తం 180° లోపుంటే పై-మోడ్ పుట్టదు. పీరియడ్ కుదిస్తే కోణాలూ తగ్గుతాయి, అంతే.

అపోహ: డ్రైవ్ అంటేనే వేడెక్కి అంతా పోతుంది. ఇంటరాక్షన్లు లేని గొలుసు అలా అనంత ఉష్ణోగ్రతకి పోదు. ఉన్నా, వేడెక్కే సమయం ఫ్రీక్వెన్సీతో ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది. అసలు హద్దు వేరే: అల్యూమినియంలో కూపర్ జంట (సూపర్‌కండక్టర్‌లోని ఎలక్ట్రాన్ జంట) విడిపోవడానికి 0.36 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌లు, అంటే 90 గిగాహెర్ట్జ్‌కి కాస్త తక్కువ, చాలు.

ఇక 2022 నాటి 47 సూపర్‌కండక్టింగ్ క్యూబిట్ల (క్వాంటం బిట్ల) గొలుసు ప్రయోగం. అక్కడ కనిపించిన పై-మోడ్ స్పిన్ నమూనాని ఫెర్మియాన్‌లలోకి మార్చి చూసినప్పటిది, సూపర్‌కండక్టింగ్ తీగ కొసన కూర్చున్న మయోరానా కాదు.